ఇల్లు ఇవ్వనన్నవారు కారణం చెప్పాలి

న్యూయార్క్ క్వీన్స్‌లోని జాక్సన్ హైట్స్‌లో, రెండో ప్రపంచ యుద్ధానికి ముందు కట్టిన అపార్ట్‌మెంట్ ఒకటి అమ్మకానికి ఉందన్న ప్రకటన నిన్న చూశాను. అటువంటి ఇంటినే రెండేళ్ల కిందట మేము కొనబోయి, కొనలేకపోయాం.

ఆ ఇల్లు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టే ఉంది. చేపముల్లు ఆకారంలో పరిచిన ఓక్ చెక్కల నేల కిటికీ దగ్గర మాత్రం ఎండకు రంగు వెలిసింది. ఇనుప రేడియేటర్ ఆవిరికి సన్నగా బుసకొడుతోంది. మందపాటి గోడల వల్ల పక్కింటి అలికిడి వినిపించలేదు. మా ఆవిడ వంటగది కిటికీలోంచి కిందికి చూసి అక్కడే నిలబడిపోయింది. వీధిలో నడిచేవారికి కనిపించని పెద్ద తోట, చుట్టూ ఉన్న ఇళ్లన్నిటికీ ఉమ్మడిగా, భవనాల మధ్య ఒదిగి ఉంది. క్వీన్స్‌బరో కార్పొరేషన్ అనే ప్రైవేటు నిర్మాణ సంస్థ ఇక్కడి పొలాలు కొని, 1917లో రైలు వచ్చాక ఇలాంటి తోటల ఇళ్లను వరుసగా కట్టింది. 1993లో నగరం ఈ ప్రాంతాన్ని చారిత్రక ప్రాంతంగా ప్రకటించింది.

ఆ చరిత్రలో ప్రకటనలు చెప్పని భాగం ఒకటుంది. మొదట్లో ఈ ఇళ్లను యూదులకు, నల్లజాతివారికి అమ్మేవారు కారు. నేడు అదే పేటలో, 74వ వీధిలో మన పప్పులు, కరివేపాకు, బంగారం అన్నీ దొరుకుతాయి.

ఇక్కడి పాత భవనాలు చాలావరకు కో-ఆప్‌లు. అంటే మనం కొనేది భవనానికి యజమాని అయిన సంస్థలో వాటాలను. ఇంట్లో ఉండే హక్కు లీజు రూపంలో వస్తుంది. అందుకు ఆ సంస్థ వాటాదారులు ఎన్నుకున్న బోర్డు ఒప్పుకోవాలి. పన్ను పత్రాలు, బ్యాంకు వివరాలు, సిఫారసు లేఖలు అన్నీ ఇచ్చి, ఇంటర్వ్యూకు కూడా వెళ్లాం. కొన్నాళ్లకు ఏజెంటు ఫోన్ చేసి, బోర్డు ఒప్పుకోలేదని ఒక్క ముక్కలో చెప్పారు. ఎందుకని అడిగితే తమకూ తెలియదన్నారు.

మా రంగు చూసి కాదన్నారని నేను అనను, ఎందుకంటే అందుకు నా దగ్గర ఆధారం లేదు. అయితే కారణమే చెప్పనప్పుడు వివక్ష జరిగిందో లేదో ఎవరికైనా ఎలా తెలుస్తుంది? జాతిని, మతాన్ని చూసి ఇల్లు నిరాకరించడం 1968 నుంచి దేశవ్యాప్తంగా చట్టవిరుద్ధమే. ఆ చట్టాన్ని ఆశ్రయించాలన్నా చేతిలో ఒక కాగితం ఉండాలి కదా. ఒకరు నెలసరి మెయింటెనెన్స్ కట్టకపోతే బాయిలర్ మరమ్మతు భారం మిగతావారి మీద పడుతుంది కనుక, బోర్డు ఆదాయం చూడటం న్యాయమే. ఆదాయం చాలదనుకుంటే ఆ మాటే రెండు వాక్యాల్లో రాసి ఇవ్వాలి.

ఈ ఇల్లు చూడబోయే తెలుగువారు, భవనం మీద ఎంత అప్పుందో, బోర్డు ఎంత డౌన్ పేమెంట్ కోరుతుందో, జీతంలో ఎంత భాగం వాయిదాలకు పోవచ్చంటుందో ముందే రాతపూర్వకంగా అడగండి. మేము ఆ తోట చూసిన సంతోషంలో అడగలేదు.