తాళం చెవి మేడమ్ గారి దగ్గరుందండి

యూనివర్సిటీలో ఆర్ట్ మ్యూజియం ఎందుకు, దానివల్ల చుట్టుపక్కల జనానికి ఒరిగిందేమిటని ఈమధ్య కొందరు గొణుగుతున్నారు. వాళ్ళ నోరు మూయించే బాధ్యత నేనే నెత్తినేసుకుంటున్నాను. మా గోదావరి జిల్లాల్లో అలాంటి మ్యూజియం ఒకదానికి నేను మూడుసార్లు వెళ్ళాను మరి. పేరెందుకు లెండి. తలుపు మాత్రం టేకుది, బ్రహ్మాండంగా ఉంది.

మొదటిసారి మా మావయ్యని తీసుకెళ్ళాను. అంబాజీపేట పక్కన కొబ్బరి రైతు. బొమ్మంటే చాలు, తిండి మానేసి చూస్తాడు. గుమ్మం ముందు కుర్చీలో ఉన్న అటెండరు మమ్మల్ని ఎగాదిగా చూసి "ఎవరి తాలూకండి?" అన్నాడు. ఎవరి తాలూకా కాదు, బొమ్మలు చూద్దామని వచ్చాం అన్నాం. ఉద్యోగంలో చేరాక ఇలాంటి చిక్కు ఎప్పుడూ ఎదురవలేదేమో, పాపం కంగారుపడ్డాడు. "తాళం చెవి మేడమ్ గారి దగ్గరుందండి. మేడమ్ గారు మీటింగులో ఉన్నారండి. ఆయ్."

ఈ తాళం వెనక ఎంత ముందుచూపు ఉందో తెలియాలంటే కాస్త చరిత్ర చదవాలి. 1683లో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీవాళ్ళు ఆష్మోలియన్ మ్యూజియం తెరిచి, డబ్బులిచ్చిన ప్రతివాణ్ణీ లోపలికి రానిచ్చారు. ఏమైంది? 1710లో ఉఫెన్‌బాఖ్ అనే జర్మన్ పండితుడు వెళ్ళేసరికి ఆ రోజు సంత. పల్లెటూరి జనమంతా లోపలే! ఆరు పెన్నీలిస్తే ఆడవాళ్ళని కూడా పైకి రానిస్తున్నారని, కనబడ్డదాన్నల్లా చేత్తో పట్టుకు చూస్తున్నారని ఆయన తన యాత్ర రాతల్లో తెగ బాధపడ్డాడు. ఆ పొరపాటు మనవాళ్ళు చెయ్యలేదు. సంత ఏ వారమైనా మన తాళం మన తాళమే.

అసలు చదువుకీ బొమ్మకీ పొత్తు కలిపితే ఏమవుతుందో రాజమండ్రి ఒకసారి చూసింది. ఆర్ట్స్ కాలేజీకి ప్రిన్సిపాల్‌గా వచ్చిన ఆస్వాల్డ్ కూల్డ్రే దొర, ఏ సర్క్యులరూ లేకుండానే, బొమ్మలేసే కుర్రాళ్ళని చేరదీశాడు. వాళ్ళలో దామెర్ల రామారావు ఒకడు. ఆయన బొంబాయి జేజే స్కూల్లో చదివొచ్చి, హాయిగా అక్కడే స్థిరపడక, మళ్ళీ రాజమండ్రిలోనే చిత్రకళాశాల పెట్టి కుర్రాళ్ళకి బొమ్మలు నేర్పాడు. 1925లో పోయేనాటికి ఆయనకి ముప్ఫై కూడా నిండలేదు. ఊళ్ళో ఆయన పేరిట గ్యాలరీ ఇప్పటికీ ఉంది. ఇదంతా ఏ పద్దు కింద రాశారో, అటెండెన్స్ ఎవరు వేశారో ఎంత వెతికినా దొరకదు. ఇప్పుడైతే ఆ దొరకి మెమో ఇచ్చేవాళ్ళం.

రెండోసారి వెళ్ళేసరికి ఆశ్చర్యం, తలుపు బార్లా తీసి ఉంది. గుమ్మానికి అటూ ఇటూ అరటి బోదెలు, పైన మామిడాకులు. యూనివర్సిటీలకి గ్రేడులిచ్చే నాక్ బృందం వస్తోందట. ఆ సందడిలో తొంగిచూస్తే ఎదురుగోడ మీద గోదారిలో పడవల బొమ్మ. నీటిరంగులు. ఆకాశంలో కారుమబ్బు భలే దించాడనుకున్నాను. మావయ్య కళ్ళజోడు సర్దుకుని, "మబ్బు కాదురా, బూజు" అన్నాడు. మన డెల్టా తేమకి కాగితం మీద బొమ్మ బతకాలంటే గదిలో ఏసీ ఉండాలి. ఏసీ ఉంది, వీసీ గారి గదిలో.

ఇంతలో ఒకాయన పరుగెత్తుకొచ్చి మావయ్య చెయ్యి పట్టుకుని, పూలమొక్కలకి నీళ్ళుపోసే ఇద్దరి పక్కన నిలబెట్టాడు. వెనక "సమాజంతో మమేకం" అని బ్యానరు. పంచె కట్టాడు కనక మావయ్య సమాజం కింద పనికొచ్చాడు. నేను ప్యాంటు వేసుకున్నాను, పనికిరాలేదు. ఫొటో అయ్యాక సమాజానికి చెరో సమోసా ఇచ్చి పంపేశారు. ఇంకేం కావాలి?

మూడోసారి మొన్న సంక్రాంతి ముందు. మళ్ళీ తాళం. ఈసారి అటెండరు మావయ్య వేళ్ళకి అంటుకున్న గులాబీరంగు చూసి, "ప్రభ కడుతున్నారాండి?" అన్నాడు. అంతే, ఇద్దరూ మెట్ల మీద చతికిలబడ్డారు. ప్రభంటే వెదురు చట్రానికి రంగు గుడ్డలు కట్టి, దేవుణ్ణి నిలిపి భుజాల మీద మోసుకెళ్ళేది. కనుమ నాడు మా కోనసీమలో జగ్గన్నతోటకి పదకొండు ఊళ్ళ నుంచి పదకొండు రుద్రుల ప్రభలు వస్తాయి కదా. వెదురు ఎక్కడ కొన్నారు, గుడ్డ ఏ రంగు, గంగలకుర్రు ప్రభలు కౌశిక కాలవ దాటేటప్పుడు నీళ్ళు ఎంత లోతుంటాయి, చేలోంచి వెళితే పైరు తొక్కినా రైతు ఎందుకు దణ్ణం పెడతాడు... అరగంట. అటెండరు చొక్కా పక్కకి లాగి భుజం చూపించాడు. మోసి మోసి కాయకట్టిన భుజం. బొమ్మల గురించి ఆ ప్రాంగణంలో నేను విన్న మొదటి మాటలు అవే.

అప్పుడే ఫోను మోగింది. చటుక్కున లేచి నిలబడి చొక్కా సర్దుకున్నాడు.

"లేదండి మేడమ్ గారూ. విజిటర్లు ఎవరూ రాలేదండి. ఆయ్."