సీ అర్చిన్లను చంపితే పగడపు దిబ్బలు బాగుపడవు

"సీ అర్చిన్లు పగడాలను తినేస్తున్నాయి. డైవింగ్‌కు వెళ్లినప్పుడు కనిపించినవాటిని కనిపించినట్టు చితక్కొట్టండి, దిబ్బలు బతుకుతాయి" అనే సందేశం తెగ తిరుగుతోంది. సీ అర్చిన్లంటే ఒళ్లంతా ముళ్లుండే, బంతిలాంటి చిన్న సముద్రజీవులు. ఈ సందేశాన్ని పగడాల మీద ప్రేమతోనే పంచుకుంటున్నారు. కానీ చెప్పినట్టు చేస్తే పోయేది ఆ పగడాలే.

"పగడాలే వాటి తిండి" అన్నది మొదటి మాట. చాలా జాతులకు ముఖ్యమైన ఆహారం నాచు. అర్చిన్ నోరు ఒంటి అడుగున ఉంటుంది. అందులోని ఐదు పళ్లతో రాతిని గీకి నాచు తింటుంది. పనిగట్టుకుని బతికున్న పగడాన్ని తినేది ముళ్ల కిరీటం స్టార్ ఫిష్. దానికీ ఒళ్లంతా ముళ్లే కాబట్టి ఆ నింద వీటి మీద పడుతోందేమో.

"అవి లేకపోతే పగడాలు పెరుగుతాయి" అన్నది రెండోది. కరీబియన్‌లో ఏం జరిగిందో చూడండి. 1980లో అలెన్ తుపాను జమైకా దిబ్బలను ధ్వంసం చేసింది. అయినా పొడుగు ముళ్ల నల్ల అర్చిన్లు నాచును మేసేయడంతో పిల్ల పగడాలు అతుక్కోవడానికి శుభ్రమైన రాయి దొరికింది, దిబ్బ తేరుకోసాగింది. 1983 జనవరిలో పనామా దగ్గర తెగులు మొదలై, ఏడాది తిరిగేసరికి కరీబియన్ అంతా పాకింది. నూటికి తొంభైకి పైగా అర్చిన్లు చచ్చిపోయాయి. అతిగా పట్టేయడంతో నాచు తినే చేపలూ అప్పటికే అరుదైపోయాయి. జమైకాలో 1977లో 52 శాతం దాకా ఉన్న పగడాల విస్తీర్ణం 1993కి 3 శాతానికి పడిపోయింది. నాచు 4 నుంచి 92 శాతానికి పెరిగింది. ఈ అంకెలు చూశాక కూడా రాయి ఎత్తాలనిపిస్తుందా?

"గుంపులుగా చేరి దిబ్బను అరగదీస్తాయి" అన్న మాటలో మాత్రం నిజముంది. గీకేటప్పుడు నాచుతో పాటు సున్నపురాయీ ఊడి వాటి కడుపులోకి పోతుంది. 1982-83లో సముద్రాన్ని వేడెక్కించిన ఎల్ నినోకు పగడాలు చచ్చిన పసిఫిక్ దీవులు గాలపగోస్‌లో అవి దిబ్బలను నిజంగానే తొలిచేశాయి. కెన్యాలోనూ చేపలవేట మితిమీరిన చోట్ల అర్చిన్లు విపరీతంగా పెరిగాయి, వేట నిషేధించిన మెరైన్ పార్కుల్లో తక్కువగానే ఉన్నాయి. కారణం, వాటిని పగలగొట్టి తినే ట్రిగ్గర్ ఫిష్ అక్కడ మిగిలి ఉండటం. అర్చిన్లు మరీ ఎక్కువైన చోట ఆపాల్సింది ఆ చేపల వేటను.

హవాయిలోని కనేయోహె అఖాతంలోనైతే బయటి నుంచి వచ్చిన నాచును అదుపు చేయడానికి స్థానిక జాతి అర్చిన్లను పెంచి మరీ దిబ్బల మీద వదులుతున్నారు.