నివేదిక ప్రింటింగ్‌లో ఉందండీ

మన దేశంలో పురావస్తు తవ్వకం ఎలా చేయాలో తెలియనివాళ్ల కోసం పద్ధతి చెబుతాను. ముందు కొబ్బరికాయ కొట్టాలి. తర్వాత టోపీ పెట్టుకున్న అధికారి ట్రెంచ్ (కొలిచి తవ్విన గొయ్యి) అంచున మోకాలు ఆనించి, చేతిలో బ్రష్‌తో ఫొటో దిగాలి. బ్రష్ కొత్తదైతే మరీ మంచిది. మూడోరోజు పత్రికలవాళ్లను పిలిచి "వేల ఏళ్ల నాటి నాగరికత" అనాలి. ఎన్ని వేలన్నది వచ్చిన కెమెరాల సంఖ్యను బట్టి నిర్ణయించుకోవచ్చు. సీజన్ అయిపోగానే కుండపెంకులు కడిగి, ఆరబెట్టి, ఒక్కోదాని మీద ట్రెంచ్ నంబరు, పొర నంబరు ఇంకుతో రాసి, గోనెసంచుల్లో కట్టి స్టోర్‌లో పడేయాలి. అంతే, తవ్వకం పూర్తయినట్టు.

నివేదికా? ఇంకా ఆ మాట అడిగేవాళ్లున్నారన్నమాట. ఆ అమాయకుల్లో నేనొకణ్ణి. మొన్న ఒక కార్యాలయానికి ఫోన్ చేసి, ఫలానా దిబ్బ మీద జరిగిన తవ్వకం నివేదిక కొనుక్కోవచ్చా అని అడిగాను.

"ప్రింటింగ్‌లో ఉందండీ."

"ఎప్పటినుంచండీ?"

"అది మా పాత సారు తవ్విందండీ. నోట్‌బుక్కులు ఆయన దగ్గరే ఉన్నాయి. ఆయన రిటైరయ్యారు."

రాయనిది ప్రింటింగ్‌లో ఎలా ఉంటుందని అడిగేంత కుసంస్కారం నాకు లేదు. థాంక్స్ చెప్పి పెట్టేశాను.

ఈ విషయంలో మనకు చెడ్డ ఉదాహరణ చూపినవాడు మోర్టిమర్ వీలర్. 1944 నుంచి 1948 దాకా భారత పురావస్తు శాఖకు డైరెక్టర్ జనరల్. పుదుచ్చేరి దగ్గరున్న పురాతన రేవుపట్టణం అరికమేడులో 1945లో తవ్వాడు. 1946కల్లా ఆ వివరాలు అచ్చులో ఉన్నాయి. ఏమిటా తొందర! కంప్యూటర్ లేదు, స్కానర్ లేదు, ఏడాది తిరిగేసరికి నివేదిక. తర్వాతివాళ్లు ఈ దురలవాటును చాలావరకు సరిదిద్దారు.

అయితే మన శాఖకు తొందర చేతకాదనుకుంటే పొరపాటు. 2013 అక్టోబరు గుర్తుందా? ఉత్తరప్రదేశ్‌లోని ఉన్నావ్ జిల్లా, డౌండియా ఖేడా. శోభన్ సర్కార్ అనే సాధువుగారికి కల వచ్చింది. 1857 తిరుగుబాటు తర్వాత బ్రిటిష్‌వాళ్లు ఉరితీసిన రాజా రావ్ రాంబక్ష్ సింగ్ కోట కింద 1000 టన్నుల బంగారం ఉందట. వంద కాదు, వెయ్యి. కల కాబట్టి కక్కుర్తి పడక్కర్లేదు. సాధువుగారు చెప్పారు, కేంద్రమంత్రి విన్నారు, భూగర్భ సర్వేవాళ్లు యంత్రాలతో వచ్చి కింద ఏదో ఉందన్నారు. అక్టోబరు 18న, 1861లో పుట్టిన మన పురావస్తు శాఖ పలుగూ పారతో దిగిపోయింది.

ఆ దృశ్యం తలుచుకుంటే ఇప్పటికీ కడుపు నిండిపోతుంది. ఒకపక్క చదువుకున్న పురావస్తు శాస్త్రవేత్తలు తాడు కట్టి, మేకులు కొట్టి, నిబంధనల ప్రకారం చతురస్రం గీసుకుంటున్నారు. చుట్టూ టీవీ వ్యాన్లు, పోలీసులు, పకోడీల బండ్లు. బంగారం బయటపడకముందే వాటాల పేచీ మొదలైంది. రాజుగారి వారసులమంటూ కొందరు వచ్చారు, ఊరివాళ్లు మాకూ రావాలన్నారు, రాష్ట్రం మాదంది. ఎన్ని అడుగులు దిగారో టీవీలు ఎప్పటికప్పుడు చెప్పాయి. అరికమేడుకు ఇంత ప్రేక్షకాదరణ ఏనాడైనా దక్కిందా? ఇది కలను నమ్మి తవ్వుతున్నది కాదు, భూగర్భ సర్వే నివేదికను బట్టి తవ్వుతున్నదని శాఖ గంభీరంగా ప్రకటించింది. చూశారా, నివేదిక మీద ఎంత గౌరవమో! ఇంకొకరు రాసిందైతే చాలు. చివరికి దొరికినవి ఇటుక గోడ, మట్టి నేల, గాజుల ముక్కలు, తొక్కుడుబిళ్లలు. కొన్ని వారాల్లో తవ్వకం ఆగింది, గొయ్యి పూడ్చుకోవాల్సి వచ్చింది.

నాకైతే ఆ తొక్కుడుబిళ్లలే బంగారం. ఏ కాలంలోనో ఆ కోటలో పిల్లలు ఒంటికాలి మీద గెంతారు. కానీ దానికి లైవ్ ఎవరిస్తారు?

నవ్వింది చాలు. తవ్వకమంటే ఏమిటో తెలిసే ఇదంతా జరుగుతోంది, అందుకే ఒళ్లు మండుతుంది. కింది పొర చూడాలంటే పై పొర తీసెయ్యాలి. తీసింది తిరిగి పెట్టలేం, అదే చోట రెండోసారి తవ్వి సరిచూసుకోలేం. మిగిలేది రాసిందే. రాయకపోతే, గుప్తనిధుల కోసం అర్ధరాత్రి గుడి వెనక గొయ్యి తీసినవాడికీ మనకీ ఏమిటి తేడా? వాడి మీద కేసు పెడతారు, మనకి టీఏ డీఏ ఇస్తారు. పీహెచ్‌డీలు చేసిన కుర్రాళ్లను సీజన్ ఉన్నన్నాళ్లు కాంట్రాక్టు మీద పెట్టుకుని, సరిగ్గా పెంకుల బొమ్మలు గీసి లెక్క తేల్చాల్సిన వేళకు ఇంటికి పంపేస్తారు. గొయ్యికి డబ్బుంటుంది, రాతకు ఉండదు.

నాగార్జునకొండ సంగతి చూడండి. 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం బృందం ఆ లోయను తవ్వింది. ఒకపక్క ఆనకట్ట లేస్తుంటే ఎండల్లో చేసిన పని అది, వాళ్లకు దండం పెట్టాలి. కొన్ని కట్టడాలను కొండ మీదికీ, దగ్గర్లోని అనుపు అనే చోటికీ తరలించారు. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి నీళ్లలో మునిగింది. నివేదిక మొదటి సంపుటం 1975లో వచ్చింది. ఇక్ష్వాకుల కాలం గురించి చెప్పే రెండో సంపుటం 2006లో వచ్చింది. పార పక్కన పెట్టిన 46 ఏళ్లకు! ఇంకోచోటైతే పక్కన మరో ట్రెంచ్ వేసుకోవచ్చు. ఇక్కడ ఊరే లేదు, కాగితమే మిగిలిన ఊరు. ఆ కాగితం అచ్చు వేయడానికి ఒక తరం ముసలిదైపోయింది. ఇందుకు ఎవరైనా సిగ్గుపడినట్టు నేను ఎక్కడా చదవలేదు.

రాసినవాళ్ల గతి మాత్రం బాగుందా? తమిళనాడులోని కీళడి అనే పురాతన జనావాసంలో రెండు సీజన్లు తవ్విన శాఖ అధికారి అమర్‌నాథ్ రామకృష్ణను 2017లో అస్సాం పంపారు. అయినా ఆయన 2023 జనవరిలో 982 పేజీల నివేదిక ఇచ్చారు. రెండేళ్లు దాటాక, 2025 మేలో, కాలనిర్ణయం సవరించి మళ్లీ ఇవ్వమంటూ శాఖ దాన్ని తిప్పి పంపింది. ఆయన మార్చనన్నారు. జూన్‌లో మళ్లీ బదిలీ. ఉత్తర్వులు మాత్రం ఈ శాఖలో ప్రింటింగ్‌లో ఆగిపోయిన దాఖలా లేదు.