పట్టపగలే చుక్కలు

తెలుగు నవలల్లో ఈ మధ్య ఎవరి మనసు విరిగినా మూడు చుక్కలు పడుతున్నాయి. భయానికి మూడు, కన్నీళ్లకు మూడు, చిన్నప్పుడు చూసిన ఘోరం గుర్తొస్తే మూడు చుక్కలూ వాలు అక్షరాలూ. రాబోయే కాలంలో నరకంలాంటి రాజ్యాన్ని ఊహించే డిస్టోపియా నవలైతే ఇక చెప్పక్కర్లేదు. “ఆ రాత్రి... అమ్మ... తలుపు... చప్పుడు...” ఇంతే సంగతులు, చిత్తగించవలెను.

మొన్న ఆదివారం ద్వారకానగర్‌లో అలాంటి నవల ఒకటి ఆవిష్కరిస్తుంటే వెళ్లాను. తప్పు నాదే. సమోసాలు ఉంటాయన్నారు. కథ 2090లో జరుగుతుంది. విశాఖ పేరు పీకేసి సెక్టార్ 9 అని పెట్టారు. కైలాసగిరి మీద నిఘా టవరు, డాల్ఫిన్స్ నోస్ కడుపులో జైలు. అంతవరకు పేచీ లేదు, మన కొండలు ఏ ప్రభుత్వానికైనా ఏదో ఒకందుకు పనికొస్తూనే ఉంటాయి. హీరోకి చిన్ననాటి గాయం ఉంది. ఒక్క 41వ పేజీలోనే అది 27 సార్లు గుర్తొచ్చింది. చుక్కలు ఎన్నో మీరే లెక్కేసుకోండి.

అసలు పండగ వేదిక మీద జరిగింది. ముఖ్య వక్త శాలువా సర్దుకుని, ఈ నవలలో కాలం ముక్కలైపోయిందన్నారు. “80వ పేజీ దాకా బడికెళ్లే పిల్లాడు. పేజీ తిప్పితే తల్లి కోసం ఏడుస్తున్నాడు. ఆ తల్లి చనిపోయేది ఆ తర్వాత పదహారు పేజీలకు! గాయపడ్డ మనసుకి ముందూ వెనకా ఉండవని ఇంత ధైర్యంగా చెప్పిన రచయిత తెలుగులో ఇంకొకరు లేరు.” హాలంతా చప్పట్లు. రచయిత మొహం మాత్రం పాలిపోయింది. తన కాపీ తీసి తిప్పాడు. 80 తర్వాత 97. మళ్లీ తిప్పాడు. 112 తర్వాత 81. పక్కనున్న పబ్లిషర్ చెవిలో ఏదో అన్నాడు. పబ్లిషర్ సెల్‌ఫోన్ పట్టుకుని మెట్ల దగ్గరికి పరిగెత్తి, బైండింగ్ కుర్రాడి మీద అరిచిన అరుపులు మూడో వరసలో ఉన్న నాకు శుభ్రంగా వినిపించాయి. ఒక ఫారం, అంటే పదహారు పేజీల మడత, అటుదిటు కుట్టేశాడు మహానుభావుడు. వేదిక మీదేమో రెండో వక్త ఆ కుర్రాడి పనితనాన్ని ఇరవై నిమిషాలు విశ్లేషించారు. చివర్లో రచయిత మైకు అందుకుని, “నా ప్రయోగాన్ని ఇంత లోతుగా పట్టుకున్న పెద్దలకు...” అని గొంతు పూడుకుపోయి ఆగాడు. అక్కడా మూడు చుక్కలే.

రష్యన్ రచయిత జమ్యాతిన్ వందేళ్ల కిందటే తన డిస్టోపియా నవల ‘మేము’ నిండా చుక్కలు పెట్టాడు కదా అని మీరు అడగొచ్చు. పెట్టాడు. కానీ ఎవరి నోట పెట్టాడు? అందులో కథ చెప్పే డి-503 లెక్కల మనిషి, అంతరిక్ష నౌక కట్టే ఇంజనీరు. లోకమంతా సమీకరణమేనని నమ్మినవాడు డైరీలో వాక్యం పూర్తిచేయలేక తడబడితే, వాడి లోపల ఏదో కూలుతోందని మనకు తెలుస్తుంది. చివరి పుటల్లో ప్రభుత్వం ఆపరేషన్ చేసి వాడి ఊహాశక్తిని తీసేస్తుంది. అప్పుడు వాక్యాలు నున్నగా, పూర్తిగా, పొందిగ్గా వస్తాయి. తను ప్రేమించిన ఆడమనిషిని హింసిస్తుంటే చూస్తూ కూర్చుని, ఆ నున్నటి వాక్యాల్లోనే నమోదు చేస్తాడు. నాకు వణుకు పుట్టింది అక్కడ. చుక్కల దగ్గర కాదు.

సరే, ఇంటికొచ్చి పడుకోవచ్చు. కానీ సభాధ్యక్షులు ముగింపులో ఒక మాటన్నారు. మన ఊరికి అదృష్టవశాత్తూ అలాంటి విషాదాలు లేవట, అందుకని మన రచయితలు ఊహించుకుని రాయాలట.

లేవా? 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే విషవాయువు ఇళ్లలోకి వచ్చిన సంగతి ఈయనకి ఎవరూ చెప్పలేదా? సిటీ బస్సెక్కితే చేరే దూరం! నిద్రలోంచి లేచి పరిగెత్తినవాళ్లు రోడ్డు మీదే కుప్పకూలారు. కనీసం 12 మంది పోయారు. ఫ్యాక్టరీ సైరన్ మోగలేదని ప్రభుత్వం వేసిన కమిటీయే రాసింది. ఇంకేం ఊహించాలయ్యా? 2090 దాకా ఎందుకు పోవాలి? సిగ్గుండాలి.

మాకు పాలు పోసే ఆవిడది ఆ వైపే. ఆ రాత్రి గేదె పోయింది. ఇప్పుడు ప్యాకెట్లు వేస్తోంది. ఆ రాత్రి గురించి నేను ఎప్పుడూ అడగలేదు, తనే చెబుతుంది. ఎప్పుడూ గ్యాసుతో మొదలుపెట్టదు. చిల్లర సంగతో, కోడలి సంగతో, ఎండల సంగతో ఎత్తుకుంటుంది. ఎక్కడెక్కడో తిరిగి తాడు దగ్గరికి వస్తుంది. ఒకరోజు, “తాడు ఇప్పీసాను బాబూ, అదే కదల్లేదు” అంటుంది. ఇంకోరోజు, “ఇప్పలేకపోనాను బాబూ, సేతులు ఆడలేదు” అంటుంది. రెండూ ఒకే గొంతుతో, తడుముకోకుండా.

కెనడా రచయిత్రి మార్గరెట్ ఆట్‌వుడ్ 1985లో అచ్చువేసిన డిస్టోపియా నవల ‘ది హ్యాండ్‌మెయిడ్స్ టేల్’ చదివినప్పుడు నాకు ఈవిడే గుర్తొచ్చింది. అందులో కథ చెప్పే ఆఫ్‌రెడ్ తన భర్త ల్యూక్ చచ్చిపోయాడని నమ్ముతుంది, జైల్లో ఉన్నాడని నమ్ముతుంది, తప్పించుకున్నాడనీ నమ్ముతుంది. మూడూ ఒకేసారి. ఏ ఒక్కటి వదిలేసినా ఆమె బతకలేదు. దీన్ని టెక్నిక్ అంటారని మా పాలావిడకు తెలీదు. వక్తలకు తెలుసు, శాలువాతో సహా.

నిన్న పొద్దున మాత్రం విప్పాననే చెప్పింది. రెండు ప్యాకెట్లు గట్టు మీద పెట్టి, నోటు తిప్పి చూసుకుని, మెట్లు దిగి వెళ్లిపోయింది.