గణాంకాలకు సహకరించని హృదయాలు

ప్రపంచంలో గేలు, ఆడా మగా ఇద్దరిపట్లా ఆకర్షణ ఉండే బైసెక్సువల్‌లు మొత్తం ఎంతమంది? ఇంత చిన్న ప్రశ్నకి ఒక్క అంకె చెప్పలేని శాస్త్రం ఉంటే ఎంత, లేకుంటే ఎంత? అడవిలో పులుల్ని చారలు చూసి లెక్కపెట్టేస్తున్నారు. నక్షత్రాలెన్నని అడిగితే తడుముకోకుండా ఏదో ఒక అంకె చెబుతున్నారు. పక్కింటాయన మనసు దగ్గరికొచ్చేసరికి మాత్రం నీళ్లు నములుతున్నారు. తప్పు లెక్కలు కట్టేవాళ్లది కాదని, లెక్కకి లొంగని జనానిదేనని నా నిశ్చితాభిప్రాయం.

ఈ విషయంలో నసుగుడు లేకుండా మాట్లాడిన పెద్దమనిషి నాకు తెలిసి ఒక్కడే. 2007 సెప్టెంబరులో ఇరాన్ అధ్యక్షుడు అహ్మదీనెజాద్ న్యూయార్క్‌లోని కొలంబియా యూనివర్సిటీకి వెళ్లి, మీ దేశంలో ఉన్నట్టు మా దేశంలో స్వలింగ సంపర్కులు లేరని సెలవిచ్చాడు. శాంపిల్ లేదు, ఫారం లేదు, పైసా ఖర్చు లేదు. సభలో జనం నవ్వారు. ఎందుకు నవ్వారో నాకు అర్థం కాలేదు. దొరికితే మరణశిక్ష వేసే చట్టం పెట్టుకుని, "మీలో ఎవరైనా ఉన్నారా?" అని అడిగితే ఎవరూ చెయ్యెత్తరు. ఎత్తిన చేతులు సున్నా కాబట్టి మనుషులూ సున్నా. ఇందులో లెక్క ఎక్కడ తప్పింది?

అసలు లెక్కపెట్టడం దేనికని కొందరు అమాయకంగా అడుగుతుంటారు. 2013లో మన సుప్రీంకోర్టు, స్వలింగ సంపర్కాన్ని నేరంగా చూసే 377వ సెక్షన్ మీద తీర్పిస్తూ, వీళ్లు దేశ జనాభాలో అత్యల్ప భాగమేనని ప్రత్యేకంగా గుర్తుచేసింది. అంటే హక్కులకీ కోరం ఉండాలన్నమాట! ఎంతో ముచ్చటపడ్డాను. అయిదేళ్లకి అదే కోర్టులో ఇంకో ధర్మాసనం, హక్కులకి తలల లెక్కతో పనిలేదని ఆ ముచ్చటంతా తీసేసింది.

సరే, లెక్కపెట్టడానికి నడుం కట్టినవాళ్ల గురించి చెప్పుకుందాం. అందులో బాగా పేరుపడ్డవాడు ఆల్ఫ్రెడ్ కిన్సే. జంతుశాస్త్రవేత్త. ఏళ్ల తరబడి ఒక రకం కందిరీగల్ని లక్షల సంఖ్యలో పోగుచేసి, కొలిచి రాసుకున్నాడు. ఏ రెండు కందిరీగలూ ఒకేలా లేవని తేలాక మనుషుల మీద పడ్డాడు. 1948లో అమెరికా మగవాళ్ల మీద పుస్తకం వేసి, ఒక కొలబద్ద తయారుచేశాడు. సున్నా అంటే పూర్తిగా స్ట్రెయిట్ (ఆడవాళ్లంటేనే ఇష్టమైన మగవాడు), ఆరు అంటే పూర్తిగా గే, మిగతావాళ్లంతా మధ్యలో ఎక్కడో ఒకచోట. మనిషిని జ్వరంలా డిగ్రీల్లో కొలవచ్చని తేలడం నాబోటివాళ్లకి ఎంత ఊరటో చెప్పలేను.

కానీ జనం ఆయన పుస్తకంలోంచి ఒక్క అంకె పట్టుకుని పారిపోయారు: పది శాతం. కిన్సే రాసింది వేరు. 16 నుంచి 55 ఏళ్ల మధ్య కనీసం మూడేళ్లపాటు దాదాపుగా మగవాళ్లతోనే సంబంధాలున్నవాళ్లు పది శాతమన్నాడు. జీవితాంతం అలాగే ఉన్నవాళ్లు నాలుగు శాతం. ఒక్కసారైనా అనుభవం ఉన్నవాళ్లు 37 శాతం. ఇన్నిట్లో పదినే ఎందుకు ఎంచుకున్నారంటే నాకు ఒకటే కారణం తోస్తోంది, చేతివేళ్లు పది. ఆయన పలకరించినవాళ్లలో జైళ్లలో ఉన్నవాళ్లు మోతాదుకి మించి ఉన్నారని గణాంకవేత్తలు తర్వాత తలబాదుకున్నారు గానీ, నోటికి ఎక్కిన అంకెని దింపడం ఎవరివల్ల అవుతుంది?

మనసులో లాగుడు, చేసిన పని, చెప్పుకునే పేరు, ఈ మూడూ ఒకటి కాకపోవడం ఇంకో తలనొప్పి. ఒకాయనకి మగవాళ్లంటే ఇష్టం, కానీ పెళ్లయి పాతికేళ్లు, ఎవరికీ చెప్పలేదు. ఒకావిడ కాలేజీలో స్నేహితురాల్ని ప్రేమించింది, ఇప్పుడు మొగుడితో సుఖంగానే ఉంది, తనకి ఏ పేరూ వద్దంటుంది. వీళ్లని ఏ గడిలో వెయ్యమంటారు? 1992లో అమెరికాలో పద్ధతిగా జరిగిన సర్వేలో తమని తాము గే అనో బైసెక్సువల్ అనో చెప్పుకున్న మగవాళ్లు 2.8 శాతం, ఆడవాళ్లలో అలా చెప్పుకున్నవాళ్లు 1.4 శాతం. ప్రశ్న కాస్త మార్చి ఆకర్షణ గురించి అడిగితే అంకె పెరిగిపోయింది. అడిగింది ఆ మనుషుల్నే!

బైసెక్సువల్‌ల సంగతైతే ఇంకా అన్యాయం. 2005లో ఒక యూనివర్సిటీ ల్యాబ్‌లో మగవాళ్లకి తీగలు తగిలించి, బొమ్మలు చూపించి, బైసెక్సువల్ మగవాళ్లలో ఆడవాళ్లు, మగవాళ్లు ఇద్దరిపట్లా ఉండాల్సిన శారీరక స్పందన కనబడలేదని తేల్చారు. 2011లో అదే యూనివర్సిటీవాళ్లు, ఇద్దరితోనూ నిజంగా సంబంధాలున్నవాళ్లని ఏరికోరి పిలిచి చూస్తే స్పందన ఉందన్నారు. ఆ ఆరేళ్లూ ఆ మగవాళ్లు ఎక్కడ తలదాచుకున్నారో ఎవరైనా పరిశోధిస్తే బాగుణ్ణు.

ఆ తీగల యంత్రానికి ఒక పూర్వచరిత్ర ఉంది. 1950లలో చెకోస్లొవేకియాలో కుర్ట్ ఫ్రాయిండ్ అనే డాక్టరు దాన్ని సైన్యం కోసం తయారుచేశాడు. మిలటరీలో చేరకుండా తప్పించుకోవడానికి, గే కాకపోయినా గే అని చెప్పుకునే కుర్రాళ్లని పట్టుకోవడానికట! చూశారా, ఒకచోట ఉన్నవాళ్లు లేమంటారు, ఇంకోచోట లేనివాళ్లు ఉన్నామంటారు. మధ్యలో గణాంకవేత్తకి టెన్షన్.

మనుషుల్ని నమ్మలేం కాబట్టి కాగితాన్ని నమ్ముదామంటారా? అమెరికా జనగణన కథ వినండి. 1990లో ఒకే ఇంట్లో ఇద్దరు మగవాళ్లు తాము దంపతులమని రాస్తే, ఇదేదో పొరపాటనుకుని చాలాసార్లు కంప్యూటరే ఒకరిని ఆడమనిషిగా మార్చేసింది. కత్తి లేదు, కుట్లు లేవు, చేయించుకున్నవాళ్లకి కబురైనా లేదు. ఇరవై ఏళ్లకి పాపం పండింది. 2010లో స్వలింగ జంటలు 9,01,997 అని ముందు లెక్క తేలింది. తీరా చూస్తే కోట్లాది మామూలు దంపతుల్లో కొద్దిమంది ఆడ, మగ అన్నచోట తప్పు గడిలో టిక్కు పెట్టారు. పేర్లు చూసి, ఈ పేరు మగవాళ్లకి ఉంటుందా ఉండదా అని బేరీజు వేసి, ఆ అంకెని 6,46,464కి దించారు. పెన్ను జారి గే అయిపోయి, మళ్లీ ప్రభుత్వమే స్ట్రెయిట్ చేసేదాకా ఆ సంగతే తెలియని దంపతులు లక్షల్లో ఉన్నారన్నమాట.

ఇంగ్లండ్, వేల్స్‌లు 2021లో మర్యాదగా, ఇష్టముంటేనే చెప్పండన్నాయి. గే, లెస్బియన్, బైసెక్సువల్, ఇంకేదైనా అన్నవాళ్లంతా కలిపి 3.2 శాతం. ఏమీ చెప్పనివాళ్లు 7.5 శాతం. ఈ రెండో అంకె చూసినప్పుడల్లా నాకు నిద్రపట్టదు.

ఇక దాచుకున్నవాళ్లని నొప్పించకుండా బయటికి లాగే ఉపాయం ఒకటుంది. కొన్ని వాక్యాల జాబితా ఇచ్చి, ఏది నిజమో చెప్పొద్దు, ఎన్ని నిజమో చెప్పండి చాలంటారు. సగం మందికి ఇచ్చే జాబితాలో అసలు వాక్యం ఉండదు, సగం మందికి ఉంటుంది. రెండు గుంపుల సగటులో తేడాయే జవాబు. అమెరికాలో రెండున్నర వేల మందికి పైగా ఇలా అడిగితే, స్ట్రెయిట్ కాదన్నవాళ్ల లెక్క, నేరుగా అడిగినప్పటికంటే 65 శాతం పెరిగింది. గేలంటే గిట్టనివాళ్ల లెక్క కూడా అదే జోరున పెరిగింది. పైకి అందరూ మంచివాళ్లేనన్నమాట!

శాస్త్రం మీద గౌరవంతో నేనూ ఇంట్లో ప్రయోగం చేశాను. నాలుగు వాక్యాలు రాసి మా బావమరిది చేతిలో పెట్టాను. నాకు ఈత వచ్చు. నేను చదరంగం ఆడతాను. నేను రోజూ పొద్దున్నే లేస్తాను. నాకు మగవాళ్లన్నా ఇష్టమే. వాడు కాగితం కేసి ఒకసారి, నాకేసి ఒకసారి చూసి, "రెండు" అన్నాడు.

వాడికి ఈత వచ్చు, చెరువులో నేను చూశాను. ఎనిమిదింటిదాకా లేవడు, అదీ తెలుసు. చదరంగం ఆడగా ఎన్నడూ చూడలేదు. అలాగని ఆడడనీ చెప్పలేను. ఇలాంటి పని వెయ్యిమందితో చెయ్యాలి గానీ ఒక్కడితో చెయ్యకూడదని అప్పుడర్థమైంది. మూడు రోజులు ఓపిక పట్టి, నాలుగో రోజు ఊరికే కబుర్లలో కలిపినట్టు, "ఒక ఆట వేద్దామా?" అని చదరంగం బల్ల ముందుపెట్టాను.

వాడు నవ్వి, ఆ పాత కాగితమే జేబులోంచి తీసి నా ముందు పెట్టాడు. "ముందు నీ లెక్కెంతో చెప్పు బావా."