‘గదిలో పెట్టి తాళం వేయండి’ మెసేజ్‌కు జవాబు

“మత్తుకు మందులంటే ఒక మత్తు పోయి ఇంకోటి. కొత్త సూదులివ్వడమంటే అలవాటు చేయడమే. పది రోజులు గదిలో పెట్టి తాళం వేయండి, నిమ్మరసం పట్టించండి, అదే వదులుతుంది.” విజయవాడలో ఏ అపార్ట్‌మెంట్ గ్రూపు తెరిచినా ఇదే మెసేజ్. మంచి మనసుతోనే పంపుతున్నారు. దయచేసి ఆపండి.

నిమ్మరసంతో దాహం తీరుతుంది, అంతే.

తాళమే అసలు ప్రమాదం. పొద్దున్నే మొదలుపెట్టి రోజంతా తాగేవాడికి ఒక్కసారిగా మాన్పిస్తే 6 నుంచి 48 గంటల్లో ఫిట్స్ రావచ్చు. రెండో రోజు దాటాక వణుకు, ముద్దయ్యేలా చెమటలు, గోడ మీద పురుగులు పాకుతున్నాయని కేకలు. ఇంట్లోవాళ్లు నాటకం అనుకుంటారు, గాలి సోకిందంటారు, తలుపు మాత్రం తీయరు. అది డెలీరియం ట్రెమెన్స్. వైద్యం అందకపోతే ప్రాణం పోతుంది. ఆస్పత్రిలో డయజెపామ్ లాంటి మందు మొదలుపెట్టి రోజురోజుకూ తగ్గిస్తూ వస్తారు. నీరసమని వీధి చివర గ్లూకోజ్ సీసా ఎక్కించేస్తారు చూడండి, దానికంటే ముందు థయమిన్, అంటే విటమిన్ బి1 ఇంజెక్షన్ పడాలి. లేకపోతే ఒంట్లో మిగిలిన కాస్త బి1 కూడా ఖర్చయిపోయి మెదడు దెబ్బతింటుంది.

హెరాయిన్ వాడేవాళ్లకు గండం తాళం తీశాక. పది రోజుల్లో ఒళ్లు తట్టుకునే శక్తి పడిపోతుంది. బయటికొచ్చి పాత మోతాదే ఎక్కించుకుంటే ఊపిరి ఆగిపోతుంది. అప్పుడు ఆ తల్లికి ఏ మెసేజ్ ఫార్వర్డ్ చేస్తారు?

ఇక “ఇంకో మత్తు” అంటున్న బుప్రెనార్ఫిన్, హెరాయిన్‌కు బదులుగా ఇచ్చే మాత్ర. చివరిసారి హెరాయిన్ తీసుకున్నాక సుమారు 12 గంటలు ఆగి, ఆవులింతలు, ఒళ్లునొప్పులు మొదలయ్యాకే ఇస్తారు. తొందరపడితే విత్‌డ్రాయల్, అంటే మత్తు ఆగినప్పటి బాధ, ఒక్కసారిగా మీద పడుతుంది. నాలుక కింద కరగాలి, మింగితే వృథా. ఒక మోతాదు దాటాక దాని ప్రభావం పెరగదు కాబట్టి మనిషి తూలకుండా పనికి పోగలడు. 2005 నుంచి ఇది ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక మందుల జాబితాలో ఉంది.

సూదుల మాటకొస్తే, ఒకే సూది పంచుకుంటే హెచ్‌ఐవీ, హెపటైటిస్ సి అంటుకుంటాయి. కొత్త సూదులివ్వడం నేరం కాదని 2017 హెచ్‌ఐవీ చట్టమే చెప్పింది.

ఆ మెసేజ్ పంపేవాళ్ల భయంలో ఒకటి మాత్రం నిజం. ఈ బుప్రెనార్ఫిన్ మాత్రలు దొంగచాటుగా బయటికి జారుతున్నాయి, నూరి ఎక్కించుకునేవాళ్లూ ఉన్నారు. అందుకే చాలాచోట్ల నర్సు ఎదుటే కరిగిస్తారు. గంజాయికైతే బదులు మాత్రే లేదు. మానాల్సిందే, కౌన్సెలింగే దారి.

మత్తు మాన్పించే జాతీయ హెల్ప్‌లైన్ 14446కు ఫోన్ చేయండి, ఉచితం. లేదా గుంటూరు, విజయవాడ ప్రభుత్వాసుపత్రుల మానసిక విభాగానికి తీసుకెళ్లండి. చివరగా ఏం తీసుకున్నాడో, ఎంత, ఏ గంటకో కాగితం మీద రాసుకుని వెళ్లండి. డాక్టరు ముందు అడిగేది అదే.