ఓడ ఎక్కేముందే ఫోన్ సంగతి చూసుకోండి

ప్రిన్సెస్ అనే విహార నౌకల కంపెనీ ఓడల్లో మెడాలియన్ (ప్రయాణికులకు ఇచ్చే నాణెం లాంటి బిళ్ల) వేసుకుని గది దగ్గరికి వెళ్తే తాళం దానంతటదే తెరుచుకుంటుంది. ఆ బిళ్ల లోపలి బ్లూటూత్ చిప్ చేసే పని అది. జేబుకు చిల్లు పడేది మాత్రం ఫోన్ దగ్గర. తీరం దాటాక ఫోన్ ఓడలోని మొబైల్ నెట్‌వర్క్‌ని పట్టుకుంటుంది. అది శాటిలైట్ రోమింగ్, మామూలు అంతర్జాతీయ ప్యాక్‌లు చాలావరకు దానికి వర్తించవు. ముందు ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టి, ఆ తర్వాత ఓడ వైఫై ఒక్కటే ఆన్ చేయండి. నెట్ ప్యాకేజీ కొనకపోయినా చాలా ఓడల్లో కంపెనీ యాప్ ఆ వైఫై మీదే పనిచేస్తుంది: మెనూ, షో బుకింగులు, బిల్లు అన్నీ. కాకపోతే యాప్ ఇంట్లోనే దించుకుని లాగిన్ అయిపోవాలి, సిమ్ ఆపేశాక ఓటీపీ రాదు కదా! గడియారం ఆటోమేటిక్‌లో ఉంటే రేవులో స్థానిక టైమ్‌కి మారిపోవచ్చు. ఆ సెట్టింగ్ ఆపేసి ఓడ టైమ్ (ఓడలో పాటించే సమయం) మీరే పెట్టుకోండి.